నాలుగో కర్ర

బహుళ షష్ఠి. గాలి తూర్పు. నీరు గుర్తుకి రెండడుగులు కింద.

నా భార్య తాయారు చివరి రోజు ఇలా జరిగింది.

పౌర్ణమి. పొద్దున్నే పెరుగన్నం తిని జడ వేసుకుంది. ఆ వారమంతా మబ్బు. సౌర పలకలకి ఎండ లేక ఐసు గది ఆగిపోయింది. చేపలు కుళ్ళి గట్టంతా ఒకటే కంపు. ఉన్న కాస్త కరెంటూ స్కాన్ పెట్టెకి ఇచ్చారు, ఎందుకంటే అది సముద్రపు గేటు ఎత్తే గానుగ జట్టు చేతులు చూపించుకునే రోజు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళింది. స్కాన్ తీసేదీ, చూసి చెప్పేదీ ఆమే.

మధ్యాహ్నానికి పదమూడు మంది కీళ్ళలో ఎరుపు, అంటే కీళ్ళవాతం, కనిపించింది. అంతకుముందు ఏ పౌర్ణమికీ ఒకరిద్దరికి మించి కనిపించలేదు. మళ్ళీ చూసింది. మళ్ళీ కనిపించింది. పేర్లు సుద్దతో తలుపు మీద రాసింది. అది ఇక్కడి పద్ధతి. పేరు పడినవాళ్ళు గానుగ దిగాలి. గానుగ దిగినవాళ్ళు గట్టు మీది ఇల్లు వదిలి పల్లపు వరసకి పోవాలి. అక్కడ పోటు వచ్చినప్పుడల్లా మంచం కోళ్ళు మునుగుతాయి. మా అమ్మాయి కల్పకది కూడా ఆ జట్టే. దాని వంతు సాయంత్రం.

సాయంత్రం దాకా జరగలేదు. గానుగలోంచి కర్రలు ఊడదీసుకుని జట్టంతా వచ్చింది. నిన్నటిదాకా లేని రోగం ఇవాళ ఎలా వచ్చిందని అరిచారు. తాయారు పెట్టెకి అడ్డంగా నిలబడింది. "ఇది పగిలితే మీ ఎముకలు ఎవడు చూస్తాడర్రా?" అంది. నేను గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి గుమ్మం నిండా జనం. లోపలికి పోలేకపోయాను. జట్టు మేస్త్రీ సింహాద్రి కర్ర ఎత్తడం చూశాను. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది తల మీద. తాయారు పెట్టె మీద పడింది. ఆమెను జుట్టు పట్టి పక్కకి లాగి, పెట్టెను కొట్టారు.

చెవిలోంచి రక్తం ఆగలేదు. దీపాల వేళకి పోయింది.

మర్నాడు గట్టు సభ కూర్చుంది. గుంపులో ఎవరు కొట్టారో తేలలేదన్నారు. నేను చూశానన్నాను. సింహాద్రి లేకపోతే మరి గేటు ఎవరు తిప్పిస్తారన్నారు.

పేరు పడినవాళ్ళెవరూ దిగలేదు. కర్రలు కడిగి మళ్ళీ గానుగలో పెట్టారు. సింహాద్రి తెచ్చింది నాలుగోది. దాని కొనకి ఇనుప పట్టీ ఉంటుంది.

ఈ పుస్తకం గేటుది. నీరు, గాలి, మరమ్మతులు తప్ప ఇందులో ఇంకేమీ రాయకూడదు. రాశాను.

బహుళ అష్టమి. గాలి ఆగ్నేయం. వాన నీరు లోపల మోకాలి లోతు. ఆటు వేళ గేటు ఎత్తాం.

గానుగ అని మేమనేది గేటు గొలుసు లాగే నిలువు దుంగని. ఎనిమిది కర్రలు, కర్రకి ముగ్గురు. వాళ్ళు నెడుతూ గుండ్రంగా తిరుగుతుంటే, దుంగకి చుట్టుకున్న మోకు తోకని నలుగురు బిగబట్టి గుంజాలి. ఆ నలుగురి పిడికిళ్ళు సడలితే మోకు జారుతుంది. గేటు బరువుకి గానుగ వెనక్కి తిరుగుతుంది. నేను కాలేజీలో చదువుకున్నది మోటార్ల గురించి. ఉప్పుగాలికి అవి రెండేళ్ళు నిలవలేదు.

ఇవాళ తోక మీద కల్పక, నూకరాజు, ఇంకో ఇద్దరు. గేటు సగం లేచాక నూకరాజు పట్టు వదిలేశాడు. మోకు మిగతా ముగ్గురి అరచేతుల తోలు ఊడదీసుకుంటూ పోయింది. కర్రలు వెనక్కి తిరిగాయి. రెండో కర్ర దగ్గరున్న పోలయ్య తప్పుకోలేదు. కర్ర అతని ఛాతీలోకి దిగబడింది. చప్పుడు నేను గేటు మీద నుంచి విన్నాను. ఆపుడు కొక్కెం పడేలోపు అతణ్ణి ఇంకో చుట్టు ఈడ్చింది. ముక్కులోంచి ఎర్రటి నురగ. పేరు పెట్టి పిలిచాం. అప్పటికే పోయాడు.

సింహాద్రి నూకరాజుని నేల మీద పడేసి తన్నాడు.

"పొద్దున్నే పుచ్చుకొచ్చావేట్రా?"

"లేదు మేస్త్రీ గారండీ. సేతి ఏళ్ళు ముడుసుకోలేదండి. పొద్దున్నించీ ముడుసుకోటం లేదండి, మీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకురా, నీ పెళ్ళాం మీదెయ్యి!"

మళ్ళీ తన్నాడు. నూకరాజు పేరు పౌర్ణమినాడు తలుపు మీద ఉంది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

కల్పక అరచేతులకి వెన్న రాశాను. వేళ్ళ మొదళ్ళు ఉబ్బి ఉన్నాయి. మోకు ఒరిపిడికంది. పొద్దున బెల్లం డబ్బా మూత తీయలేక నా ముందు పెట్టి, తుప్పు పట్టిందంది. మూత ప్లాస్టిక్‌ది.

బహుళ నవమి. గాలి అలాగే. ఆపుడు కొక్కెం పన్ను అరిగింది. ఆకురాయి పెట్టాను.

నూకరాజు తెల్లారకముందే డాక్టర్ ఏసుపాదం దగ్గరికి వెళ్ళి మాత్ర అడిగాడట. తిరిగొస్తుంటే జట్టువాళ్ళు పట్టుకున్నారు. గానుగ దగ్గరికి తెచ్చి, వాడి కుడి చేతి వేళ్ళు కర్ర దూరే తొర్రలో పెట్టించి, కర్ర దూర్చి నొక్కి తిప్పారు. నాలుగు వేళ్ళు విరిగాయి. నేను పరిగెత్తాను. ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఒకడు నా నోట్లో గోనె కుక్కాడు. "మీరు సదువుకున్నోరండి, ఇయ్యి సూడకూడదు" అని నా మొహం గోడకి తిప్పాడు. విన్నాను.

మాత్ర మింగినవాడు రోగం ఒప్పుకున్నట్టే. ఒకడు ఒప్పుకుంటే పేరు పడిన మిగతావాళ్ళంతా దిగాలి. వాళ్ళ లెక్క అది.

నూకరాజుని డాక్టర్ దగ్గరికి మోసుకెళ్ళాను. ఏసుపాదం వెదురు బద్దలు కడుతూ మాట్లాడాడు.

"మాత్రలు సీసాల్లో మూలుగుతున్నాయి భాస్కరం. అడిగే నాథుడు లేడు. ఆదివారం ఆదివారం ఒక్క మాత్ర. ఎముక తెగకముందు మొదలెడితే చేతులు దక్కుతాయి. తెగాక వస్తే నేను చేయగలిగింది ప్రార్థన. అది మీ తాతలు కూడా చేసేవాళ్ళు, నా డిగ్రీ దేనికి?"

"తెగకముందు ఎవడికి తెలుస్తుంది?"

"తాయారుకి తెలిసేది."

ఇద్దరం కాసేపు బద్దలు కట్టాం.

"పల్లపు వరసలో ఇరవైమంది నా మాత్ర మీదున్నారు" అన్నాడు. "పోయిన నెల తాయారు వాళ్ళ చేతులన్నీ చూసింది. ఒక్కదాంట్లో ఎరుపు లేదు. మోకిస్తే ఇవాళే లాగుతారు. సభకెళ్ళి చెప్పింది కూడా. దిగినవాళ్ళు ఎక్కే ఆచారం లేదన్నారు."

పగిలిన స్కాన్ పెట్టెను గోనెలో వేసుకుని ఇంటికి తెచ్చాను. తెర మూల చిట్లింది. చేతి మీద ఆనించే మొనకి తీగె తెగింది. లోపల ఎండిన రక్తం ఉంది. తుడిచాను.

బహుళ దశమి. గాలి తక్కువ. గేటు పని లేదు.

తాయారు పెద్దకర్మ. ఒక మోకు పట్టేవాళ్ళు ఒకరింట్లో కర్మ భోజనం మానకూడదు. మానితే మోకు తెగుతుందంటారు. కల్పక మోకు పడుతుంది కాబట్టి జట్టంతా వచ్చింది. సింహాద్రి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని బంతిలో మొదట కూర్చున్నాడు. నేను విస్తరి వేశాను.

"గారెలు బాగా వేగాయండి ఇంజినీరు గారూ" అన్నాడు.

"ఇంకోటి వేయనా?"

"ఏయండి."

వేశాను.

కల్పక సాంబారు గిన్నె పట్టుకుని వచ్చింది. మూడో విస్తరి దగ్గర గిన్నె జారింది. దాని వేళ్ళు వంగనే లేదు. మరిగే సాంబారు వరసలో కూర్చున్న కుర్రాడి ఒడిలో పడింది. వాడు కేకపెట్టి లేచి దాన్ని చెంప మీద కొట్టాడు. నేను వాణ్ణి కొట్టాను. గారెల పళ్ళెంతో కొట్టాను. పై పెదవి చీలింది. పదిమంది నా మీద పడ్డారు. కడుపులో తన్నులు ఎన్నో తెలియదు. విస్తళ్ళ మధ్య పడున్నాను. సింహాద్రి లేవకుండానే "ఒగ్గేయండ్రా, కర్మ భోజనం" అన్నాడు. వదిలేశారు. కూర్చుని మిగతాది తిన్నారు.

వెళ్ళేటప్పుడు సింహాద్రి కల్పక చేతులకేసి చూశాడు.

"అమ్మాయ్, అమాస పోటుకి తోక నువ్వే ఒట్టుకోవాలి. డాక్టరు గుమ్మం తొక్కావో, నూకరాజుకి కుడి చెయ్యేనే. నీకు రెండూ."

"అలాగే మేస్త్రీ గారూ" అంది కల్పక.

వాళ్ళు పోయాక విస్తళ్ళు ఎత్తింది. అరచేతులతో నొక్కి ఎత్తింది, వేళ్ళతో కాదు.

బహుళ త్రయోదశి. గాలి ఈశాన్యం, పెరుగుతోంది. రేవులో తుఫాను జెండా ఎత్తారు.

తీగె అతికించాను. తెర వెలిగింది. జెల్ లేదు. తాయారు చివరి రోజుల్లో కలబంద గుజ్జు వాడేది. పెరట్లో ఉంది. కోశాను.

"కూర్చో" అన్నాను కల్పకతో.

"ఇప్పుడే వస్తా" అని బయటికి పోయి, కాసేపటికి వచ్చి కూర్చుంది. "చూడు. కానీ తలుపు మీద రాయకు నాన్నా."

తాయారు పక్కన కూర్చుని చాలా ఏళ్ళు చూశాను. తెల్ల గీత ఎముక. గీతల మధ్య నల్లటి సందు కీలు. ఆ సందులో ఎరుపు మిణుకుమంటే అక్కడ నెత్తురు పోటెత్తుతున్నట్టు. కీళ్ళవాతం మొదట్లో వేళ్ళు చక్కగానే ఉంటాయి, ఎరుపొక్కటే కనిపిస్తుంది. అది ఎక్కడుంటే అక్కడ ఏడాదికో రెండేళ్ళకో తెల్ల గీతను కొరికేస్తుంది. "నేను చూసేది ఇవాళ్టి నొప్పిని కాదు, రాబోయే వంకరని" అనేది.

కల్పక వేళ్ళన్నీ చూశాను. రెండు మణికట్లూ చూశాను. ఎరుపు లేదు. ఇంకోసారి చూశాను. ఎక్కడా లేదు. ఏడుపొచ్చింది. దాని చేతులు పట్టుకున్నాను. రాళ్ళలా చల్లగా ఉన్నాయి.

"ఇంత చల్లగా ఉన్నాయేమిటే?"

"ఐసు గదికి వెళ్ళొచ్చాగా. మొన్నే మళ్ళీ మొదలైంది."

"ఎందుకు?"

ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. "స్కాన్‌కి ముందు అందరం ఐసు తొట్లో చేతులు పెట్టుకుంటాం కదా నాన్నా. చల్లటి చేతులకి మంచి పటం వస్తుంది. మేస్త్రీ గారి నాన్న పెట్టిన ఆచారం. గానుగ దిగినవాళ్ళకి మాత్రం ఐసు గదిలోకి దారి లేదు. వల దింపేముందు చేతులు తడుపుకోరూ, అలాగే."

"అమ్మకి తెలుసా?"

"తీసేవాళ్ళకి చెప్పకూడదు. చెబితే గుణం పోతుంది."

తాయారుకి తెలియదు. "పాపం, భయానికి చేతులు ఎలా చల్లబడిపోతాయో వీళ్ళకి" అనేది నాతో. చలికి నెత్తురు వెనక్కి తగ్గుతుంది. ఎరుపు నెత్తురుదే. ఎరుపు మాయమవుతుంది, రోగం మాయమవదు.

నీళ్ళు కాచాను. చెయ్యి కాలనంత వేడి. కల్పక చేతులు రెండూ గిన్నెలో ముంచి కూర్చోబెట్టాను. నీళ్ళు చల్లారినప్పుడల్లా వేడివి పోశాను.

"ఏంటి నాన్నా ఇది, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?"

"కదలకు."

మొన ఆనించాను. కుడి చూపుడు వేలి మొదట్లో ఎరుపు. నడిమి వేలి మొదట్లో ఎరుపు. మణికట్టు నిండా కుంపటి ఊదినట్టు ఎరుపు. ఎడమ చేయీ అంతే. నేను గీత కోసం చూశాను. ఒక్కొక్క కీలే నిదానంగా చూశాను. గీత తెగలేదు. ఎక్కడా తెగలేదు.

పౌర్ణమినాడు ఐసు లేదు. జట్టు మొదటిసారి వెచ్చటి చేతులతో వచ్చింది. అంతే జరిగింది. పెట్టె అబద్ధం చెప్పలేదు. వాళ్ళూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ బాగున్నామనే అనుకున్నారు.

కల్పక తెర వైపే చూస్తూ ఉంది.

"అయితే అమ్మని చంపింది ఐసా?"

"కాదు. సింహాద్రి."

బహుళ చతుర్దశి. గాలి ఈశాన్యం, గట్టిగా. నీరు గుర్తుకి జానెడు కింద. రేపు అమావాస్య పోటు, దాని మీద తుఫాను. పొద్దున్నే ఆటు వేళ గేటు ఎత్తి లోపలి నీరు వదలాలి. పోటు ఎక్కకముందు దించాలి. నడుమ మోకు జారితే గేటు విరుగుతుంది. విరిగితే గట్టు లోపల ఎవరూ మిగలరు.

పదమూడు మందిలో పోలయ్య పోయాడు, నూకరాజు చేయి పోయింది. మిగతావాళ్ళంతా రేపు గానుగ మీదే ఉంటారు. తోక మీద కల్పక ఉంటుంది.

మధ్యాహ్నం గొలుసుకి గ్రీజు పెడుతుంటే సింహాద్రి ఒక్కడే వచ్చాడు.

"పెట్టె బాగుసేశారంటండి?"

"చేశాను."

"దేనికండి? ఇంకో మనిషి పోడానికా?"

"రేపు గానుగ ఎక్కేముందు అందరి చేతులూ చూస్తాను. ఎరుపున్నవాళ్ళు దిగుతారు. నువ్వు కూడా."

అతను మీదకొచ్చాడు. మనిషి నాకు రెండింతలు. గేటు స్తంభానికి అదిమి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. నా తల ఇనుముకి కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. చచ్చిపోతాననుకున్నాను. ఊపిరి ఆడుతూనే ఉంది. అతను బిగిస్తున్నాడు. దవడ కండలు లేస్తున్నాయి. వేళ్ళు బిగుసుకోవడం లేదు. నా గొంతు చుట్టూ తెరుచుకునే ఉన్నాయి. అది ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

చేతిలో రెంచి ఉంది. మోకాలి మీద కొట్టాను. పడ్డాడు. భుజం మీద కొట్టాను. మూడోసారి తల మీదికి ఎత్తాను. లేవబోయాడు. అరచేతులు నేలకి ఆనించలేక మోచేతుల మీద లేవబోయి మళ్ళీ పడ్డాడు. తాయారు పడినప్పుడు కూడా ఇలాగే మోచేతుల మీద లేవబోయింది. రెంచి పైనే ఉంది. కింద పెట్టాను. అతన్ని క్షమించి కాదు.

అతను మోచేతుల మీద ఆనుకుని తలెత్తాడు.

"ఆవిడ సెప్పింది నిజమేనేటండి?" అన్నాడు.

"నిజమే."

"మరి మూడేళ్ళనించీ బాగుందన్నారు కదండీ. నా సేతులు సూసి నవ్వి మరీ అన్నారండి."

"ఐసు."

అర్థం కాలేదు. చెప్పాను. పౌర్ణమినాడు ఐసు గది ఆగిన సంగతి చెప్పాను. వెచ్చటి నీళ్ళ సంగతి చెప్పాను. కల్పక చేతుల సంగతి చెప్పాను. మోచేతుల మీదే ఉండి విన్నాడు. నోటి పక్కనుంచి రక్తం కారుతోంది.

"ఆ ఆచారం మా నాన్నదండి" అన్నాడు. తర్వాత, "కుర్రోళ్ళు ఊరుకోరండి. పెట్టెట్టుకుని గట్టెక్కితే మిమ్మల్నీ సంపేత్తారు."

"నువ్వో?"

గోడ పట్టుకుని లేచి, కుంటుతూ పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఏసుపాదం ఇంటికి వెళ్ళాను. పల్లపు వరస ఇరవైమందినీ పొద్దు పొడిచేసరికి గానుగ దగ్గరికి తెస్తానన్నాడు. సభ ఒప్పుకోదు కదా అన్నాను. "సభని ఎవడు అడిగాడు?" అన్నాడు. సీసా ఇచ్చాడు. ఇవాళ ఆదివారం. కల్పక మొదటి మాత్ర నా ముందే మింగింది. రేపు ముందుగా తన చేతులే చూడమంది. తలుపు మీద కాదు, గానుగ దుంగ మీద తనే పేరు రాసుకుంటానంది.

తాయారు వంటింటి గొడ్డలి నూరి పెట్టాను.

రేపు ఉదయం అందరికంటే ముందు గేటు దగ్గరికి వెళ్తాను. గానుగలోంచి నాలుగో కర్ర ఊడదీస్తాను, మిగతా ఏడుతో గేటు లేస్తుంది. దాన్ని అక్కడే ముక్కలు నరుకుతాను. ఆ కట్టెలతో పొయ్యి రాజేసి, జట్టు వచ్చేసరికి నీళ్ళు కాచి ఉంచుతాను. మొదట కల్పక చేతులు ముంచుతుంది. ఆ తర్వాత సింహాద్రిని పిలుస్తాను.